గడప దాటిన కరివేపాకు

ఆ మాట ఏ శాస్త్రంలోనూ లేదు. నేనే పెట్టాను.

ఐదేళ్ళ కిందట, అక్షయ తృతీయ పొద్దున్న, మా ‘ఎడిసన్ పెరటి మొక్కలు’ వాట్సాప్ గ్రూపులో మొక్కల గురించి ఒక్క ముక్క లేదు. అన్నీ బంగారం ఫొటోలే. ఎవరో గొలుసు పెడితే ఇంకెవరో గాజులు పెట్టారు. నేను ఒక చేత్తో పప్పు ఎనుపుతూ రెండో చేత్తో ఫోన్‌లో కొట్టాను: ‘అక్షయ తృతీయ నాడు కరివేపాకు మొక్కను గడప దాటించి ఎండ చూపిస్తే ఆ ఇంట ఆకు అక్షయం. పెద్దల మాట.’ అప్పటికి నాకు నలభై రెండు. పెద్దల్లో చేరడానికి ఎవరి సంతకమూ అక్కర్లేదనుకున్నాను.

పది నిమిషాల్లో అంకిత అనే అమ్మాయి రాసింది: ‘అవునక్కా, మా నాయనమ్మ కూడా ఇదే చెప్పేది.’

నేను అప్పుడే పుట్టించిన మాటని వాళ్ళ నాయనమ్మ అంతకుముందే ఎలా చెప్పిందో నాకు ఈనాటికీ అంతు పట్టలేదు. మధ్యాహ్నానికి పద్నాలుగు ఇళ్ళ కరివేపాకు మొక్కలు పెరటి చెక్క డెక్‌ల మీద ఎండలో నిలబడి ఫొటోలు దిగాయి.

నాది బాటనీ డిగ్రీ. మొక్కకి తిథీ వారం తెలియవని మూడేళ్ళు చదివి పాసైనదాన్ని. అయితే ఆ ఏడాది తదియ మే నెల మధ్యలో వచ్చింది. న్యూజెర్సీలో అప్పటికి మంచు భయం పోతుంది కాబట్టి నా అబద్ధమూ బాటనీ ఒకదాన్నొకటి ఒరుసుకోకుండా గడిచిపోయాయి. మరుసటేడు ప్రశ్నలు మొదలయ్యాయి. గాలేస్తే లోపల పెట్టొచ్చా అక్కా? వడగళ్ళు పడితే? మేం వారం రోజులు ఊరెళ్తున్నాం, లోపల పెట్టి వెళ్ళొచ్చా? పదమూడో ప్రశ్నకి విసుగెత్తి, ‘గడప దాటిన మొక్క దసరా దాకా మళ్ళీ లోపలికి రాకూడదు’ అని రాసి పారేశాను. ఈసారి పెద్దల మాట అని కూడా చేర్చలేదు. అప్పటికి పెద్దలంటే నేనే అని స్థిరపడిపోయింది.

“నీ శాస్త్రాలకి ఎవడో ఒకడు భాష్యం కూడా రాస్తాడు చూడు,” అన్నాడు మా ఆయన రఘువీర్.

భాష్యం రాసినాయన భీమశంకరం గారు.

తునిలో పోస్టుమాస్టరుగా రిటైరై, భార్య చాముండేశ్వరి గారితో కలిసి కూతురు మైత్రి దగ్గరికి వచ్చేశారాయన. మా ఇంటికి కారులో పది నిమిషాలు. వచ్చిన కొత్తలో ఆయనకి ఏమీ తోచేది కాదు. రోజూ వీధి చివరి ఉత్తరాల పెట్టె దాకా నడిచివెళ్ళి, వచ్చిన ఉత్తరాలని సైజుల వారీగా సర్ది, అన్నీ ప్రకటనలే అని తేల్చుకుని తిరిగొచ్చేవారు. నేను మొదటి మాట పుట్టించిన వేసవిలోనే మా కరివేపాకు నాలుగు పళ్ళు కాసింది. నల్లగా మిగల ముగ్గిన వాటిని ఆయన చేతిలో పెట్టాను. పక్షి నోట కరుచుకెళ్ళినంత జాగ్రత్తగా తీసుకెళ్ళారు.

ఆయన గుజ్జు కడిగి, అదే పూట పెరుగు డబ్బాలో నాలుగు గింజలూ పెట్టారు. ఒకటే మొలిచింది. దాని పక్కన ఒక వెదురు పుల్ల గుచ్చి, మొక్క ఎంత ఎదిగిందో ఏటా అక్షయ తృతీయ రోజున పెన్సిల్‌తో గీత గీసి, పక్కన తేదీ వేసేవారు. పోస్టాఫీసు ముద్ర ఎలా ఉంటుందో అలాగే, గుండ్రంగా సున్న చుట్టి, లోపల తారీఖు, నెల, సంవత్సరం. మొక్క పెరిగినప్పుడల్లా పుల్ల కూడా మార్చాల్సి వచ్చేది. పాత గీతలన్నీ కొత్త పుల్ల మీదికి కొలత తప్పకుండా ఎక్కించేవారు.

అక్కడితో ఆగితే బాగుండేది. ఒక ఏడాది తదియ నాడు ఆయన ఎలా చేస్తారో చూద్దామని, నిజం చెప్పాలంటే నవ్వుకుందామని, వెళ్ళాను. ఈ దేశపు ఇళ్ళకి గడపలుండవు. డెక్ మీదికి వెళ్ళే జరుపుడు తలుపు కింద ఒక అల్యూమినియం పట్టా ఉంటుంది, అంతే. ఆయన దానికే పసుపు రాసి, బొట్టు పెట్టారు. భుజాన కండువా వేసుకుని, క్రౌంచద్వీపే అంటూ మొదలెట్టి ఎడిసన్ నగరే దాకా వచ్చి సంకల్పం చెప్పుకున్నారు. గోత్రం చెప్పారు. భార్య పేరు చెప్పారు. కూతురి పేరు చెప్పారు. ఆ తర్వాత కుండీని రెండు చేతులా ఎత్తి, కుడికాలు ముందు పెట్టి, పట్టా దాటించారు.

“మంచి మాట అందించావమ్మా వసంతా,” అన్నారు నన్ను చూసి. “ఇన్నేళ్ళొచ్చినా ఇది నాకు తెలియనే లేదు.”

నేను పప్పు ఎనుపుతూ రాసిన మాటకి గోత్రనామాలతో సంకల్పం జరగడం చూశాక నవ్వు రాలేదు. నోరు మూసుకుని చలిమిడి తినేసి వచ్చాను.

పోయిన కార్తీకంలో, ఉత్తరాల పెట్టె నుంచి తిరిగి వస్తూ, ఆయన వాకిట్లో కూలబడి పోయారు. ఆంబులెన్స్ వచ్చేటప్పటికే అయిపోయింది. చేతిలో రెండు పిజ్జా ప్రకటనలున్నాయట, సైజుల వారీగా.

ఈ ఏడాది తదియ ముందుకి జరిగి ఏప్రిల్ పంతొమ్మిదినే వచ్చింది. ఇంతకుముందొకసారి ఏప్రిల్ ఇరవై రెండున వచ్చినప్పుడు చలి మా మొహాలు చూసి ఊరుకుంది. ప్రతిసారీ ఊరుకుంటుందా? తెలిసినవాళ్ళెవరూ ఇక్కడ మే రెండో వారం లోపల లేత మొక్కని బయట పెట్టరు. గ్రూపులో ‘ఈసారి కాస్త ఆగుదామా?’ అని రాశాను. ‘తిథి మనకోసం ఆగుతుందా అక్కా?’ అని అంకిత జవాబిచ్చింది. వాళ్ళ నాయనమ్మ మనవరాలే, సందేహం లేదు.

ముందురోజు చాముండేశ్వరి గారు ఫోన్ చేశారు.

“వసంతా, రేపేగా తదియ. మైత్రి ఆఫీసు పని మీద ఫ్రిస్కో వెళ్ళింది, శుక్రవారం గానీ రాదు. కుండీ నా వల్ల కాదు. నువ్వోసారి రావాలి.”

“పిన్నిగారూ, ఇంకో మూడు వారాలు ఆగితే ఏం?”

“మూడు వారాలాగితే అది తదియ అవుతుందా? ఈ ఏడు మాకు పండగల్లేవు కదమ్మా. ఉగాది పచ్చడి కూడా చెయ్యలేదు. ఇది పండగ కాదుగా. మొక్క. ఆయన చేసేవాటిల్లో నాకు మిగిలింది ఇదొక్కటే.”

నేను వెళ్ళాను. అప్పటికి నాలుగు రోజులుగా ఎండలు కాస్తున్నాయి. వీధంతా మాగ్నోలియా చెట్లు పూశాయి, చేతుల్లేని చొక్కాలు వేసుకుని నడుస్తున్నారు జనం. మొక్క నా భుజం దాటి పెరిగింది. ఇద్దరం కలిసి కుండీని చక్రాల పీట మీదికి ఎక్కించి తలుపు దాకా తోశాం. పట్టాకి పసుపు ఆవిడే రాశారు. సంకల్పం రాదు కాబట్టి భర్త పేరు ఒక్కటే పలికారు, మెల్లిగా, పక్కగదిలో ఉన్నవాళ్ళని పిలిచినట్టు. మొక్క దాటింది.

పుల్ల మీద గీత గియ్యమని పెన్సిల్ నా చేతికిచ్చారు. సున్న గుండ్రంగా రాలేదు. “ఫరవాలేదు, కొత్త పోస్టుమాస్టరు,” అన్నారావిడ. ఆర్నెల్లలో ఆవిడ వేళాకోళమాడటం నేను విన్నది అదే.

మంగళవారం పొద్దున్న ఫోన్ తెరిస్తే మంచు హెచ్చరిక. మర్నాటి తెల్లవారుజాముకి ముప్ఫై ఒకటికి పడిపోతుందని. ఇక్కడి లెక్కలో ముప్ఫై రెండుకే నీళ్ళు గడ్డ కడతాయి. గ్రూపు అట్టుడికిపోయింది. దసరా దాకా లోపలికి రాకూడదన్నారుగా, ఇప్పుడెలా అక్కా? నేను ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా ‘ఆపద్ధర్మం ఉంది. అందరూ లోపలికి తెచ్చెయ్యండి’ అని కొట్టాను. శాస్త్రం పుట్టించినదానికి మినహాయింపు పుట్టించడం ఎంతసేపు? గంటలో అన్ని మొక్కలూ లోపలికి చేరాయి. మా మొక్కా చేరింది.

చాముండేశ్వరి గారు గ్రూపులో లేరు. ఉన్నది భీమశంకరం గారు. ఆయన ఫోన్ సొరుగులో ఉంది, నా ఆపద్ధర్మం కూడా అందులోకే వెళ్ళి ఉంటుంది.

మధ్యాహ్నం ఒక మందపాటి దుప్పటి కారులో వేసుకుని వెళ్ళాను. డెక్ మీద కుర్చీ వేసుకుని, మొక్క పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారావిడ. ఎండ ఇంకా వెచ్చగానే ఉంది.

“రాత్రికి మంచు పడుతుందట పిన్నిగారూ. లోపల పెట్టేద్దాం.”

“దసరా దాకా రాకూడదుగా.”

“ఆపద్ధర్మం అని ఒకటుంది.”

“ఎవరు చెప్పారు?”

“పెద్దలు.”

“ఆయన నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా లోపలికి తేలేదమ్మా. ఒకసారి వడగళ్ళు పడితే గొడుగు పట్టుకుని ఇక్కడే నిలబడ్డారు, మైత్రి ఎంత అరిచినా. మాట అంటే మాట అన్నారు.” ఈనె లాగి పక్కన పెట్టారు. “ఆయన నిలబెట్టిన మాట ఆర్నెల్లు తిరక్కుండా నేను దాటనా?”

అప్పుడు చెప్పాలి. నోటి చివరి దాకా వచ్చింది. ఆ మాట పెద్దలది కాదు పిన్నిగారూ, పదమూడో ప్రశ్నకి విసుగొచ్చి నేను రాసింది. అంతే, పది సెకన్ల పని. కానీ ఆ పది సెకన్ల తర్వాత వడగళ్ళలో గొడుగు పట్టుకుని నిలబడ్డ మనిషి ఏమవుతారు? గోత్రం చెప్పుకుని పట్టాకి పసుపు రాసిన మనిషి? నా వేళాకోళానికి నాలుగేళ్ళు పూజ చేసిన అమాయకుడవుతారు. మనిషి పోయి ఆర్నెల్లే. ఫొటోకి దండ ఇంకా కొత్తగానే ఉంది.

ముప్ఫై ఒకటేగా, కప్పేస్తే తట్టుకుంటుందిలే అని నాకు నేను చెప్పుకున్నాను. బాటనీ డిగ్రీ ఆ పూటకి అలా పనికొచ్చింది.

“పోనీ ఈ దుప్పటన్నా కప్పుదాం.”

“అంత బరువుకి కొమ్మలు విరుగుతాయి. ఆయన పంచె తెస్తానుండు.”

జరీ అంచు నూలు పంచె. ఉతికి మడత పెట్టింది. ఇద్దరం రెండు కొసలూ పట్టుకుని మొక్క తలమీంచి దింపి, కింద కుండీకి చుట్టి ముడేశాం. దూరం నుంచి చూస్తే డెక్ మీద ఎవరో పొడుగాటి మనిషి వెనక్కి తిరిగి నిలబడ్డట్టుంది. ఆవిడకీ అలాగే అనిపించిందో ఏమో, ఒకసారి చేత్తో దాని భుజం దగ్గర సర్ది లోపలికి నడిచారు. నా దుప్పటి నేను తీసుకుని ఇంటికొచ్చేశాను.

ముప్ఫై ఒకటి కాదు, ఇరవై ఏడుకి పడింది.

పొద్దున్న ఏడున్నరకి వెళ్ళాను. దారిలో మాగ్నోలియా పూలన్నీ వాడిపారేసిన టీ సంచుల్లా గోధుమరంగు తిరిగి వేలాడుతున్నాయి. పచ్చిక తెల్లగా ఉంది, తొక్కితే కరకరమంటోంది. ఒక ఇంటి ముందు పెద్దాయన నల్లబడ్డ హైడ్రాంజియా చిగుళ్ళని గిల్లి చేతిలో పోసుకుంటూ నిలబడున్నాడు. ఆయనకీ ఎవరో ఏదో మాట చెప్పే ఉంటారు.

పంచె చిక్కటి గంజి పెట్టి ఆరేసినట్టు బిర్రబిగుసుకుపోయింది. ముడి విప్పుతుంటే చిటచిట విరిగింది. లోపల ఆకులు పచ్చగానే ఉన్నాయి. మామూలు కన్నా ముదురుపచ్చ, తడిసినట్టు నిగనిగలాడుతున్నాయి.

“చూశావా, ఏం కాలేదు,” అన్నారు పిన్నిగారు. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఎండెక్కితే ఏం జరుగుతుందో నాకు తెలుసు. ఆవిడ కాఫీ కలిపి తెచ్చేసరికే మొదలైంది. మంచు కరిగిన ఆకు కరిగినట్టే వాలిపోయింది, నూనెలో వేసి తీసిన ఆకులాగా. పదకొండయ్యేసరికి చెట్టంతా నల్లబడింది. డెక్ మీద తాలింపు వాసన. ఎవరింట్లోనో వంటవుతోందని ఆవిడ అటూ ఇటూ చూశారు. తర్వాత అర్థమైంది. కాఫీ గ్లాసు కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయారు.

మైత్రి శుక్రవారం వచ్చింది. తల్లిని ఏమీ అనలేదు. నన్ను మాత్రం వీధిలోకి తీసుకొచ్చి, “అక్కా, కొత్త మొక్క కొనేద్దామా? అమ్మకి తెలీకుండా అదే కుండీలో పెట్టేద్దాం,” అంది. నలభై రోజుల పసిబిడ్డ ఒంట్లో నలతనైనా ఇట్టే పసిగట్టే ఆవిడకి భుజం దాటిన చెట్టులో తేడా తెలియదనుకుంది పాపం. వద్దన్నాను. ఆ ఇంట్లో నా అబద్ధాలు అప్పటికే కావలసినన్ని ఉన్నాయి.

ఆశ లేకపోలేదు. పైన మాడినా కాండంలో ప్రాణం ఉండొచ్చు. గోటితో బెరడు గీరితే కింద పచ్చగా కనబడితే బతికున్నట్టు. ప్రతి బుధవారం వెళ్ళి గీరేదాన్ని. పిన్నిగారు పక్కనే నిలబడేవారు, డాక్టరు చెవులకి గొట్టం తగిలించుకున్నప్పుడు నిలబడే బంధువులా. మొదటి వారం కొస దగ్గర గీరితే గోధుమరంగు. రెండో వారం ఒక జానెడు కిందికి వచ్చాను. మూడో వారం నా గుండె ఎత్తున. పక్కనున్న వెదురు పుల్ల మీద ఆయన గీతలని ఒక్కొక్కటే వెనక్కి దాటుకుంటూ వచ్చాను. పోయినేటి గీత. ముందటేటి గీత. ప్రతి గీత దగ్గరా గోధుమరంగే. మే ఆఖరికి మట్టి దగ్గరికి వచ్చేశాను. అక్కడ మొదటేటి సున్న ఉంది, లోపల తారీఖు చెక్కు చెదరలేదు.

గీరాను. చూశాను. ఆవిడకి చూపించక్కర్లేకపోయింది.

“పిన్నిగారూ, ఆ మాట పెద్దలది కాదు,” అన్నాను, మోకాళ్ళ మీద ఉండగానే. “నాది.”

“ఏ మాట?”

“తదియ నాడు గడప దాటించడం. నవ్వులాటకి రాశాను.”

“దసరా దాకా రాకూడదన్నది?”

“అదీ నాదే.”

“మరి ఆ మధ్యాహ్నం దుప్పటి పట్టుకొచ్చినప్పుడు?”

“చెబుదామనుకున్నాను. చెబితే బాబాయిగారు... నాలుగేళ్ళు అంత నిష్ఠగా చేశారు. ఆయన్ని తక్కువ చేసినట్టవుతుందని.”

“ఆయన్ని కాపాడావన్నమాట,” అన్నారావిడ. గొంతులో కోపం లేదు. అదే బాధ. “పోయినాయనకి ఇంక అయ్యేదేముంది వసంతా? బతికున్నది మొక్క.”

నేను గోటి కింద ఇరుక్కున్న బెరడు తీసుకుంటూ ఉండిపోయాను. ఏ విషయానికైనా ఒక వాక్యం అల్లగలనని పేరున్నదాన్ని.

“ఆయనకి తెలిస్తే పడీపడీ నవ్వేవారు,” అన్నారు తలుపు దగ్గరికి వెళ్ళి. “నాకు నవ్వు రావడం లేదు.” పట్టా దాటి తలుపు జరిపేశారు. ఆ రోజు కాఫీ ఇవ్వలేదు. ఆవిడ ఇంట్లో నేను కాఫీ తాగకుండా రావడం అదే మొదలు.

రెండు వారాలు ఫోన్ లేదు. నేను చెయ్యలేదు. గ్రూపులో ఒకరి తర్వాత ఒకరు ఆ ఏటి మొదటి కోత అంటూ కరివేపాకు ఫొటోలు పెడుతుంటే చూసి ఊరుకున్నాను.

జూన్ మధ్యలో ఒక సాయంత్రం ఆవిడే చేశారు.

“వసంతా, తీరికేనా? ఒకసారి రా. ఒక శాస్త్రం కావాలి.”

వెళ్ళాను. డెక్ మీద కుండీ అలాగే ఉంది. ఎండు కొమ్మల మీద ఆకు ఒక్కటీ లేదు. పుల్ల మాత్రం నిటారుగా ఉంది. పక్కనే ఎండుటాకులూ చెత్తా వేసే పెద్ద కాగితం సంచి, ఖాళీది, నోరు తెరుచుకుని.

“సోమవారం చెత్త బండి వస్తుందట. ఎన్నాళ్ళుంచుతావమ్మా దీన్ని, చూసినప్పుడల్లా ఏడుస్తావు అంటోంది మైత్రి. దాని మాటా నిజమే,” అన్నారు. “దానికి నేను వద్దంటే కుదరదు. పెద్దల మాట అయితే వింటుంది. చచ్చిన మొక్కని ఎన్నాళ్ళు ఉంచుకోవచ్చో రాసి పెట్టు.”

నేను ఫోన్ తీశాను.

“దసరా దాకా అని రాయనా పిన్నిగారూ?”

“దసరా ఎప్పుడు?”

“అక్టోబర్ ఇరవై.”

ఆవిడ వేళ్ళ మీద లెక్క పెట్టుకున్నారు. “ఆయన పోయింది కార్తీకంలో.”

“అయితే సంవత్సరీకం దాకా.”

“ఆ. అలా రాయి. ఆ పైన నేనే తీసేస్తాను.”

రాశాను. ‘ఇంటి పెద్ద చేత్తో పెట్టిన మొక్క ఎండిపోతే, ఆయన సంవత్సరీకం వెళ్ళేదాకా దాన్ని కదపకూడదు. పెద్దల మాట.’ గ్రూపులో పెట్టాను, మైత్రికీ పంపాను. మైత్రి నుంచి ఒక దణ్ణం బొమ్మ వచ్చింది. లోపల్నుంచి వచ్చి ఆ కాగితం సంచి మడిచి తీసుకెళ్ళిపోయింది.

పిన్నిగారు కాఫీ తెచ్చేలోగా ఫోన్ మళ్ళీ మోగింది. చదివి వినిపించాను. “అంకిత రాసింది పిన్నిగారూ. ‘అవునక్కా, మా నాయనమ్మ కూడా ఇదే చెప్పేది.’”

“వాళ్ళ నాయనమ్మ మంచి మనిషే అయ్యుంటుంది,” అన్నారావిడ.

గ్లాసు నా చేతిలో పెట్టి, చెంబుతో నీళ్ళు తెచ్చి, కుండీలో చుట్టూ తిప్పి పోశారు, పుల్ల తడవకుండా. ఎండిన మొక్కకి నీళ్ళెందుకని నేను అడగలేదు. అడిగితే దానికీ ఒక శాస్త్రం రాయమంటారు. నేను రాస్తాను.